వేలు ఎత్తేదాకా

మౌస్ ఎప్పుడూ ఎక్కడో ఒకచోట ఉంటుంది. మనం టీ తాగడానికి లేచి వెళ్లినా దాని బాణం తెరమీద ఏదో ఒక అక్షరం పక్కన నిలబడే ఉంటుంది. వేలు అలా కాదు. అద్దాన్ని తాకేదాకా బ్రౌజర్ లెక్కలో వేలనేదే లేదు. ఎత్తిన మరుక్షణం మళ్లీ లేదు. ఉన్న ఆ కాస్త సేపట్లోనే దానికేం కావాలో కనిపెట్టాలి. ఒక్క వేలయితే ఎలాగో నెట్టుకురావచ్చు. రెండో వేలు వచ్చి ఆనిందంటే, మొదటి వేలి గురించి అప్పటిదాకా అనుకున్నదంతా తప్పయిపోవచ్చు.

బ్రౌజర్లో టచ్ కోడ్ రాసేవాళ్ల బతుకంతా ఈ 'పోవచ్చు'లోనే గడుస్తుంది. రెండు వేళ్లతో మ్యాపును సాగదీయడం చూసేవాళ్లకి ఒకే కదలిక. కానీ రెండు వేళ్లూ సరిగ్గా ఒకే క్షణాన ఆనడం అరుదు. కొన్ని మిల్లీసెకన్ల తేడాలో ఒకటి ముందు, ఒకటి వెనక. అంటే రెండు వేళ్ల పని కూడా మొదట ఒంటి వేలి పనిగానే పుడుతుంది. ఆ మొదటి వేలిని చూసి "ఓహో, పేజీ పైకి జరుపుతున్నారు" అని తొందరపడిన ప్రోగ్రాం రెండో వేలు రాగానే నాలుక కరుచుకుంటుంది. తొందరపడకుండా ఆగిన ప్రోగ్రాం మీద "ఈ ఫోన్ మరీ స్లో" అని చెడ్డపేరు పడుతుంది. ఎంతసేపు తేల్చకుండా ఉండాలి, ఎప్పుడు తేల్చేయాలి? నాకు అర్థమైనంతలో ఈ విద్య మొత్తం ఇంతే. మిగిలినవన్నీ దీని చుట్టూ అల్లుకున్న పేర్లు.

వెబ్ పుట్టింది మౌస్ కాలంలో. టిమ్ బెర్నర్స్-లీ 1989లో జెనీవా దగ్గర సెర్న్ పరిశోధనశాలలో కూర్చుని తన ప్రతిపాదన రాశాడు. తమాషా ఏమిటంటే, అదే సెర్న్‌లో 1970ల మొదట్లోనే బెంట్ స్టంప్ అనే ఇంజనీరు గాజు పలక మీద సన్నటి రాగి గీతలు పరిచి, వేలితో తాకితే పలికే తెర తయారుచేశాడు. ఎస్‌పీఎస్ అనే పెద్ద యాక్సిలరేటర్ కంట్రోల్ రూములో దాన్ని వాడారు కూడా. టచ్‌స్క్రీనూ వెబ్బూ ఒకే ప్రాంగణంలో తిరిగాయన్నమాట, కానీ ఒకదాన్నొకటి పలకరించుకోవడానికి దశాబ్దాలు పట్టింది. ఒకటికి మించి వేళ్లను గుర్తించడం కూడా ఐఫోన్‌తో మొదలైన విద్య కాదు. 1982లో టొరంటో విశ్వవిద్యాలయంలో నిమిష్ మెహతా మసక గాజు వెనక కెమెరా పెట్టి, గాజు మీద నొక్కిన వేళ్లను నల్ల మచ్చలుగా చూసి లెక్కపెట్టే యంత్రం చేశాడు. ఎన్ని మచ్చలుంటే అన్ని వేళ్లు.

వెబ్‌కి మాత్రం ఆ గోల పట్టలేదు. 2000లో ఖరారైన డామ్ ఈవెంట్ల (పేజీలో ఏం జరిగిందో కోడ్‌కి చేరే కబుర్ల) ప్రమాణం తీసి చూస్తే మౌస్ ఈవెంటుకి ఒక ఎక్స్, ఒక వై. ఎక్కడ నొక్కారన్నదే ప్రశ్న. ఎవరు నొక్కారు, ఏ వేలు నొక్కింది, పక్కన ఇంకెవరైనా నొక్కుతున్నారా అన్న ప్రశ్నలకు ఆ ప్రమాణంలో చోటే లేదు. ఒక తెర, ఒక మనిషి, ఒక బాణం.

2007 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ వేదిక మీద న్యూయార్క్ టైమ్స్ పేజీని వేళ్లతో పెద్దది చేసి చూపించినప్పుడు ఆ ఒంటరి బాణం పని అయిపోయింది. కానీ అప్పటికి లోకంలో ఉన్న పేజీలన్నీ బల్లమీది కంప్యూటర్ల కోసం కట్టినవే. కాబట్టి ఐఫోన్‌లోని సఫారీ ఒక అబద్ధమాడింది. నా తెర వెడల్పు 980 పిక్సెళ్లు అని పేజీకి చెప్పి, వచ్చినదాన్ని 320 పిక్సెళ్లలోకి కుదించి చూపించింది. అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి, అందుకని రెండుసార్లు టకటకా తట్టితే ఆ పేరా పెద్దదయ్యే సదుపాయం పెట్టారు. చిక్కు అక్కడే మొదలైంది. వేలు ఒకసారి తట్టి లేచింది. అది లింకు నొక్కడమా, రెండు తట్టుల్లో మొదటి తట్టా? తెలుసుకోవాలంటే ఒకటే దారి: ఆగి చూడడం. సఫారీ ప్రతి తట్టు తర్వాత సుమారు 300 మిల్లీసెకన్లు ఆగేది. రెండో తట్టు రాకపోతే అప్పుడు, అప్పుడు మాత్రమే, 'క్లిక్' అయిందని పేజీకి కబురు చేసేది.

సెకనులో మూడో వంతు కూడా లేదు. కానీ చేతికి అది తెలుస్తుంది. కంటికి తెలియకపోయినా చేతికి తెలుస్తుంది. అప్పట్లో ఫోన్లో వెబ్ పేజీ అంటేనే ఏదో జిగురు మీద నడిచినట్టుందని జనం అనుకోవడానికి నెట్ వేగం ఒక్కటే కారణం కాదు, ఈ ఆగడం కూడా ఉంది. దీన్ని తప్పించడానికి ఫాస్ట్‌క్లిక్ అనే లైబ్రరీ వచ్చింది. వేలు లేవగానే తనే ఒక దొంగ క్లిక్‌ని పుట్టించి, వెనకాల తీరిగ్గా వచ్చే అసలు క్లిక్‌ని నొక్కిపట్టేది. ఎన్నో సైట్లు దాన్ని వాడాయి. చివరికి 2014లో ఆండ్రాయిడ్ క్రోమ్, ఫోన్ వెడల్పుకి తగ్గట్టు కట్టిన పేజీల్లో ఎదురుచూడడం మానేసింది. 2016లో ఐఫోన్ సఫారీ కూడా ఆ దారికొచ్చింది. అక్షరాలు మొదటినుంచీ చదవగలిగే సైజులోనే ఉన్నప్పుడు, రెండుసార్లు తట్టేవాళ్ల కోసం కాచుకుని కూర్చోవడం దేనికి? న్యాయమే.

ఎదురుచూపు పోయింది సరే, అనుమానం పోలేదు. అది గాజు దగ్గరే మొదలవుతుంది మరి. ఫోన్ గాజు కింద కంటికి కనిపించని వాహక గీతలు నిలువుగా కొన్ని, అడ్డంగా కొన్ని ఉంటాయి. వేలు దగ్గరికొస్తే అక్కడి విద్యుత్ ఆవేశం కాస్త మారుతుంది. ఏ నిలువు గీత, ఏ అడ్డ గీత కదిలాయో చూస్తే చోటు దొరుకుతుంది. ఒక్క వేలికి ఇది చాలు. రెండు వేళ్లు ఆనితే రెండు నిలువు గీతలు, రెండు అడ్డ గీతలు పలుకుతాయి. అవి ఒకదాన్నొకటి నాలుగు చోట్ల ఖండించుకుంటాయి. నాలుగింట్లో రెండు నిజం వేళ్లు, రెండు దయ్యం వేళ్లు. ఏవి నిజమో గీతలను విడివిడిగా చూసి చెప్పలేం. గీతగీతనీ కాకుండా గీతలు కలిసే ప్రతి చుక్కనీ విడిగా కొలవడం మొదలుపెట్టాకే తెరలు దయ్యాలను వదిలించుకున్నాయి. ఇప్పటికీ తెరమీద నాలుగు వానచుక్కలు పడితే ఫోన్‌కి పూనకం వస్తుంది, తడిని వేలనుకుని. గాజు కింద ఇంత తర్జనభర్జన జరిగాక బయటపడే అంకెలే బ్రౌజర్‌కి అందుతాయి. జావాస్క్రిప్ట్ రాసే మనం వాటిని ఖాయమైన సత్యాలుగా తీసుకుంటాం.

ఆ అంకెల్లో ఒకటి నాకు చాలా ఇష్టం. 2008లో ఐఫోన్ సఫారీ పేజీలకు టచ్ ఈవెంట్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ప్రతి తాకుడుకీ ఒక గుర్తింపు నంబరు పెట్టింది. గుడి బయట చెప్పులు వదిలితే ఇచ్చే టోకెన్ లాంటిది అది. మీరెవరో ఆ చెప్పులాయనకి అక్కర్లేదు. మీరు లోపలున్నంతసేపూ ఆ నంబరు మీది. మీరు చెప్పులు తొడుక్కుని వెళ్లాక అదే బిళ్ల ఇంకొకరి చేతిలో పడుతుంది. అలాగే చూపుడు వేలో బొటనవేలో, కుడిచెయ్యో ఎడమచెయ్యో, మీదో మీ అబ్బాయిదో బ్రౌజర్‌కి తెలియదు. ఆనినప్పుడు ఒక నంబరు ఇస్తుంది. ఎత్తి మళ్లీ అదే వేలు అదే చోట ఆనించినా అది దాని దృష్టిలో కొత్త వేలే. కొన్ని బ్రౌజర్లు సున్నా నుంచి మొదలుపెట్టి ఖాళీ అయిన నంబర్లను మళ్లీ పంచుతాయి, ఐఫోన్‌లో ఏవో పెద్ద పెద్ద అంకెలు కనిపిస్తాయి. ఏదైనా ఒకటే, నంబరుకి వేలు ఉన్నంతసేపే విలువ.

ఈ నంబరును నమ్ముకోవాల్సిన చోట చాలామంది వరసను నమ్ముకుంటారు. తెరమీదున్న వేళ్ల జాబితా చేతికొస్తుంది కదా, అందులో మొదటిదాన్ని తీసుకుంటే పోలేదా అని. ఒక్క వేలు ఆడినంతకాలం పోతుంది కూడా. రెండో వేలు ఆనాక మొదటి వేలు ముందుగా లేచిందనుకోండి, రెండో వేలు కాస్తా జాబితాలో మొదటి స్థానంలోకి జరుగుతుంది. ఇప్పటిదాకా ఇక్కడున్న వేలు ఇప్పుడు అక్కడుందని ప్రోగ్రాం నమ్మేస్తుంది. బొమ్మ తెర ఈ చివర నుంచి ఆ చివరకి ఎగిరి దూకుతుంది. ఏ పేజీలోనైనా ఫొటోని సాగదీసి వేళ్లు ఎత్తుతున్నప్పుడు అది చటుక్కున గెంతితే, తొంభై పాళ్లు ఇదే.

దీనికి తోబుట్టువు లాంటి జబ్బును మా ఇంట్లోనే చూశాను. సంక్రాంతికి వచ్చిన అక్క పిల్లలిద్దరూ ఒకే ట్యాబ్లెట్ ముందేసుకుని ఏదో బొమ్మ ముక్కలు పేర్చే ఆట ఆడుతున్నారు. తమ్ముడు ఒక ముక్క పట్టుకుని లాగుతుంటాడు, వాడి అక్క ఇంకో ముక్క పట్టుకోగానే అది వెళ్లి తమ్ముడి వేలి కింద దూరుతుంది. "పిన్నీ, వీడు నా ముక్క లాగేసుకుంటున్నాడు" అని ఒకరు, "నేనేం చెయ్యలేదు పిన్నీ, అదే వస్తోంది" అని ఒకరు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆ పేజీ కోడ్ తెరిచి చూస్తే ప్రతి ముక్కా 'తెరమీదున్న వేళ్లన్నీ' అనే జాబితాలోంచి మొదటి వేలిని తీసుకుంటోంది. తమ్ముడి వేలు ముందు ఆనింది కాబట్టి అన్ని ముక్కలకూ యజమాని వాడే. టచ్ ఈవెంటులో నిజానికి మూడు జాబితాలుంటాయి. తెరమీదున్న వేళ్లన్నీ ఒకటి, ఈ వస్తువు మీద మొదలైన వేళ్లు మాత్రమే ఒకటి, ఇప్పుడే ఏదో మార్పు జరిగిన వేళ్లు ఒకటి. అక్కడ మొదటి జాబితా తీసి రెండోది పెడితే తగువు తీరిపోతుంది. ఆ పేజీ నాది కాదు, మార్చే వీల్లేదు. చెరో ఫోనూ ఇచ్చాం.

ఒక తెర అంటే ఒక మనిషి అన్న పాత లెక్కను ఆ పిల్లలు ఎంత తేలిగ్గా చెరిపేశారో చూడండి. వాళ్లలో ఒకరి వేలు, ఇంకొకరి వేలు దూరం జరిగితే బ్రౌజర్‌కి అది జూమ్. రెండు వేళ్లు ఒకే మనిషివి అయి తీరాలని గాజు ఎక్కడా హామీ ఇవ్వలేదు. మనమే ఊహించుకున్నాం.

వస్తువు మీద మొదలైన వేలు అన్నాను కదా, ఆ నియమంలో ఒక విచిత్రం ఉంది. టచ్ ఈవెంట్లలో వేలు ఏ వస్తువు మీద ఆనిందో, ఎత్తేదాకా ఆ వస్తువుదే. తెరంతా తిరిగి ఎక్కడెక్కడికో వెళ్లినా దాని కబుర్లన్నీ మొదటి చోటికే చేరతాయి. మధ్యలో మనం ఆ వస్తువును పేజీలోంచి పీకేశామనుకోండి, అప్పుడు కూడా కబుర్లు ఆ లేని వస్తువుకే వెళ్తుంటాయి, పేజీకి మాత్రం తెలియదు. జాబితాను కిందికి లాగితే కొత్త వరసలు వచ్చి పాత వరసలు పోయే పేజీల్లో, లాగుడు ఉన్నట్టుండి చచ్చుబడిపోవడానికి వెనక ఇలాంటి కథలే ఉంటాయి. ఈ నియమం పెట్టినవాళ్లు మంచిపనే చేశారని నా అభిప్రాయం. వేలు దేన్ని పట్టుకుందో దాన్నే పట్టుకుని ఉందని మనిషి అనుకుంటాడు. పట్టు మధ్యలో మారిపోకూడదు.

ఇక రెండు వేళ్ల లెక్కలోని అందం చెప్పకుండా ఉండలేను. తెరమీద ఒక వేలికి రెండు అంకెలు, అడ్డం ఒకటి, నిలువు ఒకటి. రెండు వేళ్లకి నాలుగు. ఇటు ఫొటోకి మనం ఏమేం చేయాలనుకుంటాం? పక్కకి జరపాలి, పైకీ కిందికీ జరపాలి, పెద్దది చిన్నది చేయాలి, తిప్పాలి. అవీ నాలుగే. లెక్క పైసాకు పైసా సరిపోయింది! రెండు వేళ్ల మధ్య దూరం ఎన్నింతలయిందో అదే బొమ్మ పెరుగుదల. వేళ్లను కలిపే గీత ఎంత తిరిగిందో అంత తిప్పుడు. నడిమి చుక్క ఎటు జరిగితే బొమ్మ అటు. పదో తరగతిలో నేర్చిన దూరం సూత్రం, కొంచెం త్రికోణమితి చాలు. దీని ఫలితంగా బొటనవేలి కింద ముక్కుపుడక, చూపుడు వేలి కింద చెవికమ్మ ఉంటే, వేళ్లు ఎటు జరిపినా బొటనవేలి కింద ముక్కుపుడకే, చూపుడు వేలి కింద చెవికమ్మే ఉంటాయి. అందుకే ఆ బొమ్మను నిజంగా పట్టుకున్నట్టు అనిపిస్తుంది. పెంచేటప్పుడు వేళ్ల నడుమ చుక్కను కేంద్రంగా తీసుకోవాలి. అది మరిచి పేజీ మూలను కేంద్రంగా పెడితే, మనం మొహాన్ని దగ్గరగా చూద్దామని సాగదీస్తుంటే ఆ మొహం తెర దాటి పారిపోతుంది. మూడో వేలు ఆనితే ఆరు అంకెలవుతాయి, రెండు మిగులు. ఆ మిగులుతో ఏం చేయాలో తేల్చడం కష్టం. మూడు వేళ్లతో సాగదీస్తే బొమ్మ వంకరపోవాలి మరి! చాలా ప్రోగ్రాములు మూడోదాన్ని చూడనట్టు నటిస్తాయి.

ఇంత లెక్కా చేసి కూర్చున్నా, అసలు ఆ రెండు వేళ్లూ మనవేనా అన్నది ఇంకా తేలలేదు. పేజీ జరపడం, పేజీని సాగదీయడం బ్రౌజర్ సొంత పనులు. మనం రాసిన మ్యాపు ఆ పేజీ లోపల ఉంది. మ్యాపు మీద వేలు పైకి జరిగితే మ్యాపు జరగాలా, పేజీ జరగాలా? మొదట్లో బ్రౌజర్లు మర్యాదగా పేజీని అడిగేవి: "ఈ కదలిక నీకు కావాలా? వద్దంటే నేను స్క్రోల్ చేసుకుంటాను." పేజీలోని జావాస్క్రిప్ట్ వేరే పనిలో ఉంటే జవాబు రావడానికి వంద మిల్లీసెకన్లో రెండొందలో పట్టేది, అంతసేపూ స్క్రోల్ బిగుసుకుపోయేది. అడిగినవాటిలో చాలా పేజీలు చివరికి "నాకేం వద్దు" అనే చెప్పేవి. అందుకే 2017లో క్రోమ్ ఒక నిర్ణయం తీసుకుంది. పేజీ మొత్తం మీద పెట్టిన టచ్ శ్రోతలు, అంటే ఆ కబుర్లు వినే కోడ్ ముక్కలు, అడ్డు చెప్పే హక్కును ముందుగా ప్రత్యేకించి కోరుకోకపోతే, వాళ్లను వినేవాళ్లుగా మాత్రమే లెక్కేస్తాను, వాళ్ల జవాబు కోసం ఆగను అంది. ఆ రోజుల్లో కొన్ని పేజీలు విరిగాయి, కొందరు తిట్టారు. నేను క్రోమ్ పక్షమే.

ఇప్పుడున్న పద్ధతిలో అడగడం, జవాబు చెప్పడం లేదు. ముందే రాసి పెట్టాలి. సీఎస్ఎస్‌లో టచ్-యాక్షన్ అని ఒక మాట ఉంది. ఈ పెట్టెలో నిలువు జరుపుడు బ్రౌజర్‌ది, అడ్డం నాది అని రాయొచ్చు. ఏదీ ముట్టుకోవద్దు, అన్నీ నావే అనొచ్చు. జరుపుడూ సాగదీయడమూ నువ్వు చూసుకో, రెండు తట్టులు మాత్రం వద్దు అనొచ్చు. వేలు ఆనే క్షణానికి ఏది రాసి ఉందో అదే చెల్లుతుంది. ఆనాక మార్చినా ఆ వేలికి వర్తించదు. ఏమీ రాయకపోతే, వేలు కొద్దిగా కదిలాక బ్రౌజర్ "ఇది స్క్రోల్" అని తేల్చుకుని వేలిని తన చేతిలోకి తీసుకుంటుంది. పేజీకి ఒక చివరి కబురు పంపుతుంది: రద్దు.

ఈ రద్దు కబురును పట్టించుకునేవాళ్లు తక్కువ. వేలు ఆనింది, కదిలింది, లేచింది అనే మూడింటికే కోడ్ రాస్తారు. తెర అంచు నుంచి వేరే యాప్‌కి జారినా, ఫోను అడ్డం తిరిగినా, ఇది వేలు కాదు అరచెయ్యి అని సిస్టం అనుకున్నా వేలు 'లేవదు', రద్దవుతుంది. పాయింటర్ ఈవెంట్లు అనే కొత్త పద్ధతిలో వేళ్ల జాబితా బ్రౌజర్ ఇవ్వదు, ఒక్కో వేలి కబురూ విడిగా వస్తుంది, ఖాతా మనమే రాసుకోవాలి. రద్దయిన వేలిని ఆ ఖాతాలోంచి కొట్టేయకపోతే అది అక్కడే ఉండిపోతుంది. తర్వాత ఎవరైనా ఒక్క వేలు ఆనిస్తే ప్రోగ్రాం రెండని లెక్కేసి, జరపాల్సిన మ్యాపును సాగదీస్తుంది. గాజు కింద వదిలించుకున్న దయ్యం వేలు మన కోడ్‌లో మళ్లీ పుట్టిందన్నమాట.

పాయింటర్ ఈవెంట్ల కథ ఒక ముక్కలో చెప్పేస్తాను, అది వేళ్ల కథ కన్నా లాయర్ల కథ. టచ్ ఈవెంట్లను ప్రమాణంగా రాసే పని జరుగుతుండగా 2011 చివర్లో యాపిల్ తన పేటెంట్లను బల్లమీద పెట్టింది. అది తేల్చుకుని 2013లో ప్రమాణం ఖరారయ్యేలోపే మైక్రోసాఫ్ట్ వేరే దారి తెచ్చింది: మౌసు, పెన్ను, వేలు అన్నింటికీ ఒకటే ఈవెంటు, ఏ రకమో లోపల రాసి ఉంటుంది. 2015లో అదీ ప్రమాణమైంది. క్రోమ్ ముందు వద్దంది, తర్వాత సరేనంది, 2016 చివర్లో తెచ్చింది. సఫారీ 2019లో వచ్చింది. ఇప్పుడు కొత్తగా రాసేవాళ్లు దీన్నే వాడితే హాయి. పాతవి కూడా ఎక్కడికీ పోలేదు. వెబ్‌లో ఏదీ ఎక్కడికీ పోదు.

కంటి ఆపరేషన్ అయ్యాక మా నాన్న పేపరు ఫోన్లోనే చదువుతున్నారు, రెండు వేళ్లతో సాగదీసుకుని. ఒక సైట్ దగ్గర మాత్రం ఆగిపోయారు. "ఇందులో అక్షరాలు సాగవేంటమ్మా? నా వేళ్లు పనిచెయ్యట్లేదా?" వేళ్లకేమీ కాలేదు. ఆ పేజీ తలలో ఒక చిన్న మాట ఉంది, 'వాడేవాళ్లు సైజు మార్చరాదు' అని. ఎందుకు రాశారో ఊహించగలను. కొందరు తమ డిజైన్ చెదిరిపోతుందని రాస్తారు. ఇంకో కారణం పాతది: అప్పట్లో సాగదీయడాన్ని ఆపేస్తే రెండు తట్టుల ప్రశ్నే ఉండదు కాబట్టి, క్రోమ్ ఆ 300 మిల్లీసెకన్లు ఆగేది కాదు. ఆ కిటుకు నోటినోటా పాకి, కాపీ చేసి అతికించిన ప్రతి పేజీలోకీ చేరింది. కుర్రాళ్ల వేళ్లకి సెకనులో మూడో వంతు మిగిల్చడానికి పెద్దవాళ్ల కళ్లకి గడియ పెట్టారు. 2016లో ఐఫోన్ సఫారీ ఆ మాటను లక్ష్యపెట్టడం మానేసింది, పేజీ ఏమన్నా సాగదీయనిస్తానంది. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో సెట్టింగుల్లోకి వెళ్లి పేజీ కాదన్నా జూమ్ ఇవ్వమని పెట్టుకోవాలి. నాన్నకి పెట్టిచ్చాను.

సాగదీయనివ్వకపోవడం ఒక తప్పయితే, సాగదీస్తే తప్ప పని జరగకపోవడం ఇంకో తప్పు. ఆర్టీసీ బస్సులో ఒక చేత్తో రాడ్ పట్టుకుని నిలబడినవాళ్లకి మిగిలేది ఒక్క బొటనవేలు. చంకలో బిడ్డ ఉన్నవాళ్లకీ అంతే. చేతులు వణికేవాళ్లకి, ఒక చెయ్యి లేనివాళ్లకి అది రోజూ ఉండే సంగతి. 2018లో వచ్చిన వెబ్ సౌలభ్య మార్గదర్శకాలు ఈ విషయం సూటిగా చెప్పాయి: ఒకటికి మించి వేళ్లతో జరిగే పని ఏదైనా, తప్పనిసరైతే తప్ప, ఒక్క వేలితో కూడా జరిగేలా ఉండాలి. మ్యాపు మూలన ఉండే కూడికా తీసివేతా గుర్తుల బటన్లను పాతకాలం సరుకని తీసేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది అందుకే.

అవే మార్గదర్శకాల్లో ఇంకో నియమం ఉంది. పని వేలు దించినప్పుడు కాకుండా ఎత్తినప్పుడు జరగాలి అని. 'తొలగించు' మీద వేలు పెట్టి, అయ్యో అనుకుని పక్కకి జరిపి ఎత్తితే ఏమీ కాకూడదు. మనసు మార్చుకునేందుకు ఆ కాస్త వ్యవధి మనిషి హక్కు. బ్రౌజర్‌కి తేల్చుకునే సమయం కావాలని మొదలుపెట్టిన మాట ఇక్కడ తిరగబడింది, తేల్చుకునే సమయం మనకీ కావాలి. డబ్బు పంపే బటన్ల దగ్గర ఈ నియమం పాటించారో లేదో నేను ఇప్పటికీ వేలు పెట్టి, జరిపి, ఎత్తి చూస్తాను.

కానీ వాద్యాల దగ్గర ఇది చెల్లదు. వెబ్ పేజీలో మృదంగం చేశామనుకోండి, రెండు వృత్తాలు, ఎడమ చెయ్యి ఒకదాని మీద, కుడిచేతి వేళ్లు రెండోదాని మీద. ఎత్తినప్పుడు మోగే మృదంగం ఎవరికి కావాలి? నియమం రాసినవాళ్లకీ ఇది తెలుసు, సంగీతపు మీటల లాంటి వాటికి మినహాయింపు ఇచ్చారు. అక్కడ ఆనడమే పని. స్క్రోలూ జూమూ బ్రౌజర్‌కి వద్దని టచ్-యాక్షన్‌లో ముందే రాసేస్తాం, ఒక్కో వేలికీ ఒక్కో నంబరు పెట్టుకుంటాం, రద్దులు కొట్టేస్తాం, ఎన్ని వేళ్లు పడితే అన్ని దెబ్బలు. అంతా సిద్ధం చేసి మొదటి దెబ్బ వేస్తే చప్పుడు రాదు. మనిషి నిజంగా కోరితే తప్ప పేజీలు శబ్దం చేయకూడదని బ్రౌజర్ల నియమం. వేలు ఆనడాన్ని కోరికగా అవి ఒప్పుకోవు, ఏమో, స్క్రోల్ చేయబోతున్నారేమో! వేలు లేచాకే అది తట్టు అని ఖాయమై శబ్దానికి అనుమతి వస్తుంది. మౌసయితే నొక్కగానే ఇచ్చేస్తాయి. అందువల్ల ఇలాంటి పేజీల్లో ముందు ఏదో ఒక బటన్ నొక్కించక తప్పదు. చాలామంది దాని మీద 'ప్రారంభించు' అని రాస్తారు. నేనైతే 'శ్రుతి' అని పెడతాను. వేలు పెట్టి ఎత్తగానే తంబూరా మొదలవుతుంది, అది మోగుతుండగా మృదంగం మొదటి దెబ్బ నుంచే పలుకుతుంది.